నేలను అడగని పునాది

సత్తెనపల్లి చుట్టూ పత్తి, మిర్చి పండిన రేగడి చేలు వెంచర్లవుతున్నాయి. రాజధాని అమరావతికి వస్తుందని తేలినప్పటి నుంచి గుంటూరు రోడ్డు పక్కన, నరసరావుపేట రోడ్డు పక్కన హద్దురాళ్ల వరసలు పెరిగాయి. మధ్యలో కొన్నేళ్లు మందగించినా మళ్లీ ఊపందుకున్నాయి. కాగితం మీద చేను ఇంటిస్థలం కావడానికి ఎంతోకాలం పట్టదు. కింది మట్టి మాత్రం రేగడిగానే ఉంటుంది. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. తేమను కడుపులో దాచుకుని పత్తి మొక్కను బతికించే గుణమే ఇంటి గోడను చీల్చే గుణం కూడా.

ఈ నేల మీద మట్టి పరీక్ష చేయించకుండా అంతస్తులు లేపడమే ఒక ప్రమాదం. దానికి ఇంకో ప్రమాదం తోడవుతుందేమోనన్నది మా ఆందోళన. ఇనుప చట్రాల షెడ్లు, గోదాములు చూస్తుండగానే లేచే రోజులివి. పైన ఇనుమే కాబట్టి కింద కూడా ఇనుమే దింపేద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. "ఇనుప పైలు వేశాం, ఇక భయం లేదు" అన్న ధీమా దాని వెంటే వస్తుంది. మా హెచ్చరిక ఆ ధీమా గురించే. ఇనుప పైళ్లలో, అంటే భారాన్ని లోతుకు చేర్చడానికి నేలలోకి దింపే ఇనుప స్తంభాల్లో, రకాలున్నాయి, ఒక్కో రకం ఒక్కో పనికి పుట్టింది. కింద ఏ మట్టి ఉందో తెలుసుకోకుండా వాటిలో దేన్ని దింపినా డబ్బుతో పాటు ప్రాణాలను కూడా పణంగా పెట్టినట్టే.

రేగడి ఉబ్బడానికి కారణం అందులోని మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం. దాని పొరల మధ్యకు నీరు చేరితే పొరలు విడివడి మట్టి పెరుగుతుంది, నీరు పోతే ముడుచుకుంటుంది. ఎంత ఉబ్బుతుందో తేల్చే పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఎండబెట్టి 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు గాజు జాడీల్లో పోస్తారు. ఒకదాంట్లో కిరోసిన్, రెండోదాంట్లో డిస్టిల్డ్ వాటర్ 100 మి.లీ. గీత దాకా నింపుతారు. గాలి బుడగలు పోయేలా కలిపి 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్ల జాడీలో అది ఎంత పైదాకా వచ్చిందో చూస్తే లెక్క తేలిపోతుంది. కిరోసిన్‌లో 10 గీత దగ్గర ఆగిన మట్టి నీళ్లలో 20 దగ్గర ఆగితే ఉబ్బు 100 శాతం. మన ప్రమాణాల ప్రకారం ఈ అంకె 50 దాటితే జాగ్రత్తపడాలి, 100 దాటితే ప్రమాదం, 200 దాటితే తీవ్ర ప్రమాదం. రెండు జాడీలు, ఒక రోజు. ఇంటి ఖర్చులో ఈ పరీక్షకయ్యే వాటా లెక్కలోకి కూడా రాదు.

మన దేశపు నల్లరేగడిలో ఈ తేమ మార్పు సాధారణంగా మూడున్నర మీటర్ల లోతు దాకా సాగుతుందని ఇంజినీర్లు లెక్కవేస్తారు. అందులోనూ తేమ అంతటా ఒకేలా ఉండదు. సాగర్ కుడికాలువ కింద నీరు పారే చేను పక్కన ఒకలా, కాలువ కట్టేసిన వేసవిలో ఒకలా, మురుగు కాలువ లేక వాడకం నీళ్లు ఇంకిపోయే వీధిలో ఇంకోలా ఉంటుంది. ఒకే ఇంటి కింద ఒక మూల తడిసి మరో మూల ఎండుతుంది. ఆ గుర్తులు ఈ ప్రాంతంలో ఇల్లున్న ప్రతివారికీ తెలుసు. కిటికీ మూల నుంచి శ్లాబు దాకా బీట ఏటవాలుగా పారుతుంది. వానల్లో తలుపు చౌకట్టును పట్టేస్తుంది, వేసవిలో సందిస్తుంది. ఇంటి చుట్టూ వేసిన సిమెంటు గచ్చు గోడను వదిలి పక్కకు జరుగుతుంది. బీటలో సిమెంటు కూరి రంగు వేస్తారు. మరుసటి ఏడు అదే చోట మళ్లీ తెరుచుకుంటుంది.

ఈ కదిలే పొరను దాటించి, కదలని పొర మీదికి భారాన్ని దించడానికే పైలు వేస్తారు. అయితే ఉబ్బే మట్టి పైలును ఊరికే వదలదు. చుట్టూ పట్టుకుని పైకి లాగుతుంది. 300 మి.మీ. వ్యాసమున్న పైలునే తీసుకోండి. మూడున్నర మీటర్ల లోతులో దాన్ని మట్టి తాకే మేర 3.3 చదరపు మీటర్లు. మట్టి పట్టు చదరపు మీటరుకు 5 టన్నులే అనుకున్నా పైకి లాగే బలం 16 టన్నులు దాటుతుంది. ఒక్క అంతస్తు ఇంట్లో పిల్లరు మీద అంత బరువు పడకపోవచ్చు. అంటే, కదిలే పొరలోనే ఆపేసిన పైలు ఇంటిని మోయకపోగా ఇంటినే ఎత్తుతుంది. అన్ని పిల్లర్లనూ ఒకేలా ఎత్తినా బాగుండేది. ఒకదాన్ని ఎత్తి పక్కదాన్ని వదిలేస్తుంది. బీములు, గోడలు విరిగేది అక్కడే.

ఈ చిక్కుకు మన దేశం ఏనాడో జవాబు కనిపెట్టింది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్‌రీమ్డ్ పైలును రూపొందించింది. నేలలో గుంత తొలిచి, అడుగున కాండానికి సుమారు రెండున్నర రెట్ల వెడల్పున గుండ్రటి ఉబ్బు కోసి, కడ్డీలు దింపి కాంక్రీటు పోస్తారు. మట్టి పైకి లాగినప్పుడు ఆ ఉబ్బు కింది పొరలో లంగరులా పట్టి ఉంచుతుంది. ఐఎస్ 2911 ప్రమాణంలో మూడో భాగం మొత్తం దీని గురించే. కాకినాడ జేఎన్‌టీయూ పరిశోధకులు కంకర నింపిన పైలు అడుగున ప్లేటు పెట్టి, కడ్డీతో పునాదికి బిగించే పద్ధతిని రేగడిలో పరీక్షించి చూపారు. ఇంటి ముంగిట ఇంత పరిజ్ఞానం ఉంది. ఇనుప పైళ్లను బేరీజు వేసేటప్పుడు ముందుగా వీటితో పోల్చి చూడాలి.

ఇక ఇనుప పైళ్లలో మొదటిది హెచ్ ఆకారంలో ఉండేది. కింద రాయో గట్టి పొరో ఉన్నచోట సుత్తితో కొట్టి దించి, మొన మీద భారం మోయించడానికి ఇది బలమైనది. మట్టిని పెద్దగా పక్కకు నెట్టదు. కోయడానికీ, వెల్డింగుతో పొడిగించడానికీ అనువుగా ఉంటుంది. అయితే గుండురాయి తగిలితే దారి మళ్లుతుంది. లోపల వంగిన సంగతి పైనున్నవారికి తెలియకపోవచ్చు. సుత్తి దెబ్బల అదురు పక్కనున్న పాత రాతిగోడల ఇళ్లను కదిలిస్తుంది. పిడుగురాళ్ల వైపు కింద సున్నపురాయి తగిలే చోటుకూ, అమరావతి వైపు కృష్ణ ఒడ్డు ఒండ్రుమట్టికీ ఒకే హెచ్ పైలు ఒకేలా పనిచేయదు. రాయి ఎంత లోతులో ఉందో బోరు వేసి చూడకుండా దీన్ని ఎంచుకోవడం గుడ్డిగా నడవడమే.

రెండోది గొట్టపు పైలు. అడుగు మూసి దించితే, కాంక్రీటు నింపే ముందు లోపల దీపం వేసి వంగిందో లేదో చూసుకోవచ్చు. పక్కనుంచి వచ్చే తోపుకు బాగా నిలుస్తుంది. ఓడరేవుల జెట్టీలు, సముద్రంలో చమురు ప్లాట్‌ఫాంలు ఇలాంటి గొట్టాల మీద నిలబడటానికి కారణమదే. అంతమాత్రాన దొరికిన ప్రతి ఇనుప గొట్టమూ పైలు అయిపోదు. బోరు కేసింగ్ పైపు బోరు గోడ కూలకుండా ఆపడానికి తయారైనది. తుక్కు దుకాణంలో దొరికే పాత పైపు మందమెంతో, ఉక్కు ఏ తరగతిదో, అతుకులు ఎంత గట్టివో ఎవరూ హామీ ఇవ్వరు. ఖర్చు తగ్గుతుందని అలాంటివి దింపితే ఆ ఇంట్లో ఉండే పిల్లల ప్రాణాల మీద పొదుపు చేసినట్టే.

మూడోది స్క్రూ పైలు. సన్నని కాండానికి అడుగున మర రెక్కలు ఉంటాయి. హైడ్రాలిక్ యంత్రంతో తిప్పుతూ నేలలోకి దించుతారు. చూపు కోల్పోయిన ఐరిష్ ఇంజినీరు అలెగ్జాండర్ మిచెల్ 1830లలో ఇసుక తిన్నెల మీద లైట్‌హౌస్‌లు నిలబెట్టడానికి దీన్ని రూపొందించాడు. అదురు ఉండదు, మట్టి తవ్వి పోయాల్సిన పని లేదు. రేగడి విషయంలో దీనికి ఒక నిజమైన మేలు ఉంది. కాండం సన్నం కాబట్టి ఉబ్బే మట్టికి పట్టు తక్కువ దొరుకుతుంది. 89 మి.మీ. గొట్టానికి పై లెక్కే వేస్తే లాగే బలం 16 టన్నుల బదులు 5 టన్నుల దగ్గర ఆగుతుంది. రెక్కలు కదిలే పొరకు బాగా కిందికి దిగితే చిన్న ఇళ్లకు, ప్రహరీలకు, తేలికపాటి షెడ్లకు ఇనుప పైళ్లలో ఇదే తగినది.

ఇందులోనూ ఒక ఉచ్చు ఉంది. స్క్రూ పైలు ఎంత బరువు మోస్తుందో దాన్ని తిప్పడానికి పట్టిన బలాన్ని బట్టి అంచనా కడతారు. మే నెల ఎండలో రేగడి రాయిలా బిగుసుకుని ఉంటుంది. అప్పుడు రెండు మీటర్లు దిగేసరికే యంత్రం మీటరు పెద్ద అంకె చూపిస్తుంది. చాలు, బాగా పట్టింది అని అక్కడ ఆపేస్తే, ఆగస్టు వానలకు అదే మట్టి మెత్తబడి పట్టు వదిలేస్తుంది, లేదా ఉబ్బి పైలును ఎత్తేస్తుంది. కాబట్టి ముందు లోతు చూడాలి, ఆ తర్వాతే మీటరు అంకె. పైగా సన్నని కాండం పక్క తోపుకు తేలికగా వంగుతుంది. నాలుగైదు అంతస్తుల బరువును కొద్దిపాటి స్క్రూ పైళ్ల మీద పెట్టడానికి సాహసించకూడదు.

నాలుగోది షీట్ పైలు. అంచులు ఒకదానిలో ఒకటి బిగిసే ఉక్కు రేకుల వరస ఇది. 1902లో జర్మనీలోని బ్రెమెన్‌లో ట్రిగ్వే లార్సెన్ రూపొందించిన రకం ప్రపంచమంతా వ్యాపించింది. దీని అసలు పని తవ్విన గుంత పక్కల మట్టి కూలకుండా ఆపడం. ఈ పనికి విలువ ఎంతో గుంటూరుకు బాగా తెలుసు. 2016 మే నెలలో గుంటూరు లక్ష్మీపురంలో ఒక భవనం సెల్లార్ కోసం తవ్విన లోతైన గుంతలో మట్టి విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. పొట్టకూటికి గుంతలోకి దిగినవాళ్లు అందులోనే సమాధయ్యారు. 2024 నవంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి దగ్గరి సిద్ధిఖీ నగర్‌లో పక్క స్థలంలో పునాది గుంతలు తీస్తుండగా ఒక బహుళ అంతస్తుల ఇల్లు పక్కకు ఒరిగింది. ఇంట్లోవాళ్లను బయటికి పంపి దాన్ని కూల్చివేయక తప్పలేదు.

ఎండిన రేగడి నిలువుగా కోసినా నిలబడుతుంది. ఆ నిలబడటమే మోసం. లోపల నెర్రెలు ఉంటాయి. ఒక్క వానకో, పక్కన పోసిన మట్టి కుప్ప బరువుకో, లారీ అదురుకో పెద్ద పెళ్ల ఒక్కసారిగా ఊడిపడుతుంది. 1.5 మీటర్ల లోతు దాటిన తవ్వకానికి ఆపు కట్టాలని తవ్వకాల భద్రతా నియమాలు చెబుతున్నది ఇందుకే. సత్తెనపల్లిలో సెల్లార్ తవ్వే ప్రతిచోటా ఈ నియమం అమలవుతోందా అని అధికారులు ఇప్పుడే వెళ్లి చూడాలి.

ఇనుము అనగానే గుర్తుకు రావాల్సింది తుప్పు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. 1962లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ పరిశోధకుడు మెల్విన్ రోమనాఫ్ నేలలోంచి తీసిన పైళ్లను పరీక్షించి ఒక సంగతి తేల్చాడు. కదపని నేలలోకి కొట్టి దించిన ఉక్కు పైళ్లకు పెద్దగా తుప్పు పట్టదు, ఎందుకంటే అక్కడ గాలి అందదు. ముందే గుంత తొలిచి, అందులో ఇనుము దింపి, చుట్టూ మట్టి కూరితే ఆ రక్షణ పోతుంది. పైన పోసిన మెరక మట్టిలో, నీటిమట్టం లేస్తూ పడుతూ ఉండే చోట, సెప్టిక్ ట్యాంకు పక్కన తుప్పు వేగంగా పడుతుంది. ఏళ్ల తరబడి ఎరువులు వేసిన చేలల్లో, చౌడు ఉన్నచోట్ల లవణాలు ఎంత ఉన్నాయో చూడకుండా ఇనుము దింపకూడదు.

యూరప్ ప్రమాణం ప్రకారం 50 ఏళ్లలో కదపని సాధారణ నేలలో ఒక్కో ముఖం 0.6 మి.మీ. కరుగుతుంది. చిత్తడి లాంటి, ఇనుమును తినేసే నేలలో 1.75 మి.మీ., సరిగా కుదించని, ఇనుమును తినేసే మెరకలో 3.25 మి.మీ. పోతుంది. ఇవి చలిదేశాల అంకెలు. 6 మి.మీ. మందమున్న హెచ్ పైలు రేకు రెండు ముఖాలా 1.75 చొప్పున పోగొట్టుకుంటే 50 ఏళ్లకు మిగిలేది రెండున్నర మి.మీ. మాత్రమే. మన ఇళ్లు ఒక తరంతో అయిపోయేవి కావు. తాత కట్టిన ఇంట్లో మనవడు ఉంటాడు. కాబట్టి తుప్పుకు పోయే మందాన్ని ముందే కలిపి తీసుకోవాలి. జింకు పూత ఉన్నదే వాడాలి. లోపల కాంక్రీటు నింపిన మూతగొట్టమైతే బయటి ముఖమొక్కటే లెక్కలోకి వస్తుంది. ఈ లెక్కలు లేని డిజైను మీద ఏ ఇంజినీరూ సంతకం పెట్టకూడదు.

మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, 40 కిలోల చొప్పున వేసుకున్నా లక్ష టిక్కీలు పట్టే కోల్డ్ స్టోరేజీ 4,000 టన్నుల సరుకు మోస్తుంది. కొత్త కాయ మాఘ, ఫాల్గుణాల నుంచి వేసవి దాకా లోపలికి చేరుతుంది. ధర కోసం ఆగిన రైతుల సరుకు ఆ తర్వాత నెలల్లో కొద్దికొద్దిగా బయటికి పోతుంది. అంటే, నేల ఎండి కుంగే కాలంలో భవనం మీద బరువు నిండుగా ఉంటుంది. వానలకు నేల నిండా తడిసి ఉబ్బే కాలానికి ఆ బరువు తగ్గుతూ వస్తుంది. కిందికి నొక్కే బలం, పైకి తన్నే బలం రెండూ ఒకదానికొకటి ఎదురు తిరిగే ఏర్పాటు ఇది. ఏటా ఇదే తంతు. మామూలు అపార్ట్‌మెంటు పునాది లెక్క ఇక్కడ చాలదు. నిండు బరువుకు ఒక లెక్క, ఖాళీగా ఉన్నప్పుడు ఉబ్బుకు ఇంకో లెక్క వేసి, రెండింటికీ నిలిచే పైలునే ఎంచుకోవాలి.

పునాది చెడిపోయాక సరిచేయడం కొత్తది వేయడం కన్నా ఎంత కష్టమో శాన్‌ఫ్రాన్సిస్కో చూపించింది. అక్కడ 2009లో ప్రారంభమైన 58 అంతస్తుల మిలీనియం టవర్ కాంక్రీటు పైళ్లు శిల దాకా వెళ్లకుండా పై పొరలోనే ఆగాయి. భవనం కుంగి ఒరిగిందన్న సంగతి 2016లో లోకానికి తెలిసింది. సరిచేయడానికి శిల దాకా ఉక్కు గొట్టపు పైళ్లు దింపడం మొదలుపెడితే, ఆ పని వల్లే భవనం ఇంకొంత కుంగింది. 2021లో పని ఆపారు. 52 పైళ్లు అనుకున్నది చివరికి 18తో ముగించారు. అంత డబ్బు, అంత నైపుణ్యం ఉన్న నగరానికే ఆ అవస్థ తప్పలేదు. సత్తెనపల్లిలో ఒక మధ్యతరగతి కుటుంబం అప్పుచేసి కొన్న ఫ్లాటు కింద పైలు తప్పితే దాన్ని సరిచేసే స్తోమత ఎవరికుంది?

కూలిన భవనాల కింద నలిగేది ఎవరో కూడా గుర్తుంచుకోవాలి. 2014 జూన్ 28న చెన్నై మౌలివాకంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి పనికి వెళ్లిన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. డిజైను బల్ల దగ్గర జరిగే తప్పులకు శిక్ష తట్ట మోసేవాళ్లకు పడుతోంది.

కాబట్టి మా మాట సూటిగా చెబుతున్నాం. మట్టి రిపోర్టు లేని ప్లానుకు మున్సిపాలిటీ అనుమతి ఇవ్వకూడదు. ఆ రిపోర్టులో ఉబ్బు శాతం, ఉబ్బు ఒత్తిడి, నీటిమట్టం ఉండాలి. ఇనుప పైలు వేసేటట్టయితే క్లోరైడ్లు, సల్ఫేట్లు, మట్టి విద్యుత్ నిరోధం కూడా ఉండాలి. ఎకరం స్థలానికి నాలుగు మూలలా నాలుగు బోర్లు, మధ్యలో ఒకటి వేయాలని ఐఎస్ 1892 సూచిస్తోంది. చిన్న ఇంటికి మధ్యలో ఒక్క బోరైనా చాలంటోంది. ఆ ఒక్కటైనా వేయించాలి. వేసిన పైళ్లలో కొన్నింటి మీద డిజైను బరువుకు ఒకటిన్నర రెట్లు పెట్టి పరీక్షించాలన్నది ఐఎస్ 2911 నియమం. రేగడిలో కిందికి నొక్కే పరీక్షతో సరిపెట్టకుండా పైకి లాగే పరీక్ష కూడా చేయించాలి. తుక్కు పైపులు, పాత రైలు పట్టాలు పైళ్లుగా దింపితే పని ఆపించాలి. సెల్లార్ తవ్వకానికి ఆపు కట్టకుండా కూలీని గుంతలోకి దింపితే కేసు పెట్టాలి.

నరసరావుపేట, గుంటూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో సివిల్ విభాగాలు ఉన్నాయి. పల్నాడు జిల్లాలో ఏ ఊరి మట్టి ఎంత ఉబ్బుతుందో పరీక్షించి మండలాల వారీగా పటం తయారు చేసే పని వాటికి అప్పగించాలి. ఆ పటం మున్సిపాలిటీ గోడ మీద, ప్రతి సచివాలయంలో కనిపించాలి.

ఫ్లాటు కొనేవారు వాస్తు చూపిస్తారు, లింకు డాక్యుమెంట్లు చూపిస్తారు, బ్యాంకు లోను చూసుకుంటారు. ఇకనుంచి బిల్డరును మట్టి రిపోర్టు, పైలు పరీక్ష రిపోర్టు కూడా అడగాలి. అవి చూపించలేని బిల్డరుకు అడ్వాన్సు ఇవ్వకూడదు. కొనేవాళ్లు అడగడం మొదలుపెడితే కట్టేవాళ్లు పరీక్షలు చేయించడం మొదలుపెడతారు. అధికారులు తమ వంతుగా వచ్చే తొలకరి లోపే ఈ నిబంధనను అమల్లోకి తేవాలి. ఆలస్యమైన ప్రతి సీజనులోనూ మరికొన్ని పునాదులు నేలను అడగకుండానే పడతాయి. ఆ తర్వాత వాటిని పైకి తీసి చూసే వీలు ఎవరికీ ఉండదు.